సుభానీ గారు నా గొంతు నాకు వినిపించిన రోజు

నిన్న పొద్దున పిల్లలకి సరళీ స్వరాలు చెప్తుంటే ఫోన్ మోగింది. బందరు నుంచి సుభానీ గారి అమ్మాయి షబానా.

"టీచరమ్మా, నాన్న పోయారండీ. నిద్రలోనే."

పిల్లలు పాట ఆపేసి నా మొహమే చూస్తున్నారు.

మొన్న బుధవారమే మాట్లాడారాయన. "కొత్త స్పీకర్ పెట్టెలొచ్చాయమ్మా, ఒకసారి వచ్చి విని వెళ్ళండి" అన్నారు. ఆదివారం వస్తానన్నాను.

సుభానీ గారు మీలో చాలామందికి తెలియదు. బందరులో స్పీకర్లు, ఆంప్లిఫయర్లు రిపేరు చేసి అమ్మే చిన్న షాపు ఆయనది. నేనివాళ గుడివాడలో మళ్ళీ పాట చెప్తున్నానంటే ఆయన వల్లే. అందుకే రాస్తున్నాను.

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత నా గొంతు మారిపోయిన సంగతి మీకు తెలుసు. పై షడ్జం దగ్గరికి వెళ్ళేసరికి పాట బదులు గాలి వచ్చేది. క్లాసులు మానేశాను. శ్రుతి బాక్స్ అటక మీద పెట్టేశాను. అడిగినవాళ్ళకి "ఓపిక లేదండీ" అని చెప్పేదాన్ని.

ఒక ఏడాది అలాగే గడిచింది. పాడలేకపోతే పోయె, మంచి పాటలైనా వింటూ బతుకుదామనిపించింది. స్పీకర్లు కొందామని బస్సెక్కి బందరు వెళ్ళాను.

షాపులో లైట్లు వెలిగే పెద్ద స్పీకర్ ఒకటుంది. అదే చూపించాను. నా బడ్జెట్ చెప్పడానికి కొంచెం సిగ్గేసింది.

ఆయన నవ్వారు. "ఆ డబ్బుకి చిన్న పెట్టెలే తీసుకోవాలమ్మా. అదే డబ్బుతో అంత పెద్ద పెట్టె చేశారంటే లోపల సామాను ఎక్కడో తగ్గించినట్టే కదా."

పుస్తకాల అరలో పట్టే చిన్న జత ఒకటి తీసి పక్కన పెట్టారు.

"బాగా తెలిసిన గొంతేదైనా ఉందా ఫోన్లో? తెలిసిన గొంతుతో వింటేనే తేడా తెలుస్తుంది."

నా ఫోన్లో ఉన్నది నా పాత క్లాసు రికార్డింగులే. ఆపరేషన్ తర్వాత ఒక్కసారి కూడా వినలేదు. వద్దనబోయి, ఏమనుకుంటారోనని ఇచ్చేశాను.

ముందు పెద్దదానిలో, తర్వాత చిన్న జతలో పెట్టారు. పెద్దదే బాగుందన్నాను. ఆయన రెండింటి వాల్యూమ్ సమానం చేసి, నన్ను కళ్ళు మూసుకోమని మళ్ళీ వినిపించారు.

"ఇందాక అది గట్టిగా వినిపించిందమ్మా. గట్టిగా ఉన్నదల్లా బాగున్నట్టే అనిపిస్తుంది. ఇప్పుడు చెప్పండి."

చిన్న జతలో నా గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టుంది. ఊపిరి తీసుకోవడం వినిపించింది. వెనక శ్రుతి విడిగా వినిపించింది. వెనక వరుసలో ఒక పిల్ల కొంచెం దిగువగా పాడుతోంది. అన్నాళ్ళు క్లాసు చెప్పి నేను దాన్ని గమనించనే లేదు!

ఏడుపు ఆగలేదు. అది ఎవరి గొంతో అప్పుడు చెప్పాను.

ఆయన మంచినీళ్ళిచ్చారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. "ఇప్పటి గొంతు ఎప్పుడైనా విన్నారా?"

లేదన్నాను.

"వినకుండానే పోయిందని ఎలా తేల్చేశారమ్మా?"

శ్రుతి బాగా తగ్గించి పాడమన్నారు. నాలుగు వరుసలు పాడాను. ఫోన్లో రికార్డు చేసి ఆ చిన్న జతలోనే పెట్టారు.

దివిసీమ జాతరల్లో, ఉరుసుల్లో ఏళ్ళ తరబడి మైక్ సెట్లు పెట్టడం వల్ల ఆయనకి ఎడమ చెవి దాదాపు పోయింది. కుడి చెవి స్పీకర్ వైపు తిప్పి, తల వంచి విన్నారు.

"పైన పోయింది. అబద్ధమెందుకు చెప్పాలి? కానీ కింద చూడండి, ఎంత నిండుగా ఉందో. పాతదాంట్లో ఇది లేదు."

నిజమే. నాకూ వినిపించింది.

"నాకు ఒక చెవే మిగిలింది. దాంతోనే షాపు నడుపుతున్నానమ్మా" అన్నారు.

ఆ చిన్న జతే కొనుక్కున్నాను.

ఇంటికొచ్చి ఒకటి ఫ్రిజ్ మీద, ఒకటి బీరువా మీద పెట్టాను. ఆ మాట ఆయనకి ఫోన్లో చెప్పాను. మర్నాడు షబానాని వెంటబెట్టుకుని గుడివాడ వచ్చేశారు! రెండు స్టూళ్ళు వేయించి, గోడకి జానెడు ఇవతలగా, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి పెట్టించారు. మా అత్తగారు పెట్టిన పులిహోర తిని, రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నారు.

ఆ వారమే అటక మీంచి శ్రుతి బాక్స్ దింపాను. శ్రుతి ఐదున్నర నుంచి మూడున్నరకి తగ్గించి సాధన మొదలుపెట్టాను. వారం వారం రికార్డింగ్ పంపితే విని, ఎక్కడ గాలి పోతోందో చెప్పేవారు. ఆయనకి స్వరాల పేర్లు తెలియవు. "రెండో లైను చివర్లో" అనేవారు. ప్రతిసారీ అక్కడే ఉండేది తప్పు.

ఇప్పుడు క్లాసుకి పన్నెండు మంది పిల్లలు వస్తున్నారు. వచ్చే నెల పెడనలో వాళ్ళతో పాటు నేనూ స్టేజి మీద పాడుతున్నాను. ఆపరేషన్ తర్వాత ఇదే మొదటిసారి. మానేద్దామా అని నిన్న ఒక్క క్షణం అనిపించింది.

నిన్న ఖననం అయ్యాక వాళ్ళింట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. షబానా నా చెయ్యి పట్టుకుని, "షాపు నేను తీస్తానండీ. టంకం వెయ్యడం నాన్నే నేర్పారు. వినడానికి మాత్రం మీరు తోడు రావాలి" అంది.

వస్తానన్నాను. పెడనలో పాడతానని కూడా చెప్పాను.

సుభానీ గారూ, వెళ్ళిరండి. గరగర లేని ప్రశాంతత దొరకాలి మీకు.