బుట్టలో మిగిలిన నాలుగు కుడుములు

నా చిన్నప్పుడు కర్నూలు మొత్తానికీ పేరు మోసిన చైనా హోటల్ ఒకటి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం దాని మెట్ల మీద జనం వరుసగా నిలబడేవాళ్లు. ఆదోని నుంచి, అనంతపురం నుంచి కూడా కార్లలో వచ్చి తినిపోతారని చెప్పుకునేవాళ్లు. యజమాని కలకత్తా నుంచి వంటమనిషిని పిలిపించాడని, అతను వెదురు బుట్టల్లో ఆవిరి మీద ఉడికించే వాటిని డిమ్ సమ్ అంటారని పత్రికలో ఫొటోతో సహా రాశారు. మా సందులో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. అందరూ చైనా కుడుములు అనేవాళ్లు. ఇప్పుడా హోటల్ లేదు, ఆ చోట బట్టల దుకాణం వచ్చింది. అయినా ఆ దారిన పోయినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మాది శెట్ల ఇల్లు, మాంసం మాట అటుంచి గుడ్డు కూడా గడప తొక్కదు. మా నాయనకు సరుకుల అంగడి ఉండేది. ఇంట్లో పెత్తనమంతా మా నాయన తల్లిది, మా జేజిది. గుడ్లమ్ముకునే మనిషి ఎండకు తాళలేక మా అరుగు మీద బుట్ట దింపితే, అతను పోయాక జేజి రెండు బిందెల నీళ్లు పోసి అరుగు కడిగించేది. పక్కింట్లో ఒక సాయిబుల కుటుంబం ఉండేది. ఆ ఇంటామె జాకెట్లు కుట్టేది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె పుట్టిల్లు బనగానపల్లె. ఎండాకాలంలో అక్కణ్ణుంచి మామిడిపండ్లు వస్తే మొదటి బుట్ట మా ఇంటికే. పండుగకు మాత్రం వండింది ఏదీ పంపేది కాదు, ఎండు ఖర్జూరాలు పంపేది. జేజి నియమం ఆమెకు తెలుసు. దాన్ని ఆమె ఎప్పుడూ మనసులో పెట్టుకోలేదు. సాయంత్రమైతే ఇద్దరూ ఒకే అరుగు మీద కూచుని చీకటి పడేదాకా మాట్లాడుకునేవాళ్లు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు జేజికి కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు నూనె వస్తువులు తినొద్దని డాక్టరు చెప్పాడట. చప్పిడి తిండితో విసిగిపోయిన జేజికి చైనా కుడుముల మీద మనసు పోయింది. కుడుములు చేయడంలో సందులో తనను మించినవాళ్లు లేరని ఆమె నమ్మకం. మనవాటి కంటే అవేం గొప్పో చూడాలని పట్టుబట్టింది. ఆ హోటల్ గుమ్మం పైన శాకాహారానికి వేరే వంటిల్లు ఉందని పెద్ద అక్షరాలతో బోర్డు ఉండేది. మా నాయన స్వయంగా పోయి ఆ బోర్డు చూసి వచ్చాకే సరేనన్నాడు. ఆయనకు అంగడి వదిలి రావడం కుదరదు కాబట్టి తోడుగా పెద్దమ్మను రమ్మన్నారు. జేజి నల్లద్దాలు పెట్టుకుని, నేను కొత్త గౌను వేసుకుని, ముగ్గురం రిక్షాలో పోయాం.

మెట్ల మీద గంటసేపు నిలబడ్డాక లోపల చోటు దొరికింది. చల్లటి గాలి, గోడ మీద అద్దం కట్టించిన పత్రిక ముక్క, గల్లా దగ్గర టై కట్టుకున్న మేనేజరు. పెద్దమ్మ మాంసం తినే మనిషే అయినా, మాతో కూచున్నందుకు ఆ పూట తనకూ శాకాహారమే చెప్పింది. వడ్డించే అతను మూత తీస్తే బుట్టలోంచి ఆవిరి గుప్పున లేచేది. మొదటి బుట్టలో మొక్కజొన్న గింజలు పెట్టినవి. పైపొర ఎంత పల్చగా ఉందంటే లోపలి పసుపురంగు బయటికి కనిపించింది. జేజి వేళ్లతో తడిమి అంచు మడతలు లెక్కపెట్టింది. పిండి బియ్యంది కాదని, అయినా పనితనం ఉందని ఒప్పుకుంది. రెండో బుట్టలో కజ్జికాయల్లా మడిచినవి ఆరు వచ్చాయి. లోపల ముదురు రంగులో ఏదో కూరింది ఉంది. పుట్టగొడుగులని వడ్డించే అతను చెప్పాడు.

జేజి ఒకటి తినింది. వెంటనే ఇంకొకటి తీసుకుంది. అది నములుతూ, "శానా బాగుండాయి మే. పుట్టగొడుగులు ఇంత రుచి అని నాకు తెలీదు" అంది. పెద్దమ్మ ఒకదాన్ని తీసుకుని కొసన కొరికింది. కొరికి ఆగిపోయింది. ఆమె ముఖం నాకు ఎదురుగానే ఉంది. రంగు మారడం అంటే ఏమిటో అప్పుడు చూశాను. నేను బుట్టలోకి చెయ్యి పెట్టబోయాను. ఆమె ఫట్టుమని నా చేతి మీద కొట్టింది. పుట్టినప్పటి నుంచీ నన్ను ఒక్క దెబ్బ వెయ్యని మనిషి.

తర్వాత ఆమె బుట్టను తన ముందుకు లాక్కుంది. కొరికినదాన్నీ, మిగిలిన మూడింటినీ ఒకదాని వెనక ఒకటి నోట్లో పెట్టుకుంది. తింటున్నట్టు లేదు, మందు మింగుతున్నట్టు ఉంది. జేజి చెయ్యి చాచి తడిమితే ఖాళీ బుట్ట తగిలింది. "అయ్యో, ఇంగొకటి తిందామనుకుంటి గదమ్మే" అంది. పెద్దమ్మ నవ్వినట్టు చేసి, పొద్దున్నుంచి ఏమీ తినలేదని, ఆకలికి తెలీకుండా తినేశానని చెప్పింది. చేతులు కడుక్కొస్తానని లేచింది.

నాకు కోపం, ఏడుపు. నన్ను కొట్టి అన్నీ తనే తినేసిందని అడుగుదామని ఆమె వెనకే పోయాను. ఆమె చేతులు కడుక్కునే చోటికి పోలేదు. నేరుగా గల్లా దగ్గరికి పోయింది. ఆమె కొంగు పట్టుకుని వెనక నిలబడ్డ నాకు అంతా వినిపించింది.

రెండో బుట్టలో ఉన్నది కీమా అని ఆమె చెప్పింది. మేనేజరు ముందు కాదన్నాడు. జీవితమంతా కీమా వండిన దాన్ని, నాకు తెలీదా అని అడిగితే, వంటింట్లో బుట్టలు మారి ఉంటాయన్నాడు. వేరే వంటింట్లో బుట్టలు ఎట్లా మారతాయని అడిగింది. ఆదివారం రద్దీకి రెండు వంటిళ్లు ఎవరు నడుపుతారమ్మా అని అతను చిరాకుపడ్డాడు. ఏం మాంసం, ఎవరు కోసింది అని అడిగితే తనకు తెలీదన్నాడు. కళ్లు సరిగా కనపడని పెద్దామె, ఆమెకేం తెలుస్తుంది, బిల్లు వద్దులెండి అన్నాడు. చివరికి గొంతు తగ్గించి ఒక మాట అన్నాడు.

"అయినా మీకేమ్మా ఇబ్బంది? మీరు తినేదేగా."

ఆమె కేకలు పెడుతుందనుకున్నాను. మా జేజి అయితే ఆ గల్లా బల్ల తిరగేసేది. పెద్దమ్మ గొంతు అతని కంటే కిందికి దిగింది.

"మేం తినేదే. అందుకే నాకు తెలిసింది. ఆ యమ్మకు తెలీదు. డెబ్బై ఏండ్లు గుడ్డు పెంకు ముట్టని మనిషి, నీ బోర్డును నమ్మి వచ్చింది. ఆ బోర్డు దించప్పా."

అతను నవ్వాడు. దించేదాకా ఈడనే నిలబడతానంది. నిలబడింది కూడా. ఒక చేత్తో నన్ను పట్టుకుని గుమ్మం పక్కన నిలబడి, మెట్లెక్కి వచ్చిన ప్రతి కుటుంబాన్నీ మీరు నీసు తింటారా తినరా అని మెల్లగా అడిగింది. తినం అన్నవాళ్లతో, ఈడ ఉండేది ఒకటే వంటిల్లు, చూసుకోండి అని చెప్పింది. మొదటి కుటుంబం ఆమెను ఎగాదిగా చూసి లోపలికి పోయింది. రెండో కుటుంబం వెనక్కి తిరిగింది. మూడోదీ తిరిగింది. మేనేజరు పోలీసులను పిలుస్తానన్నాడు. పిలువు, వాళ్లకూ ఇదే చెప్తానంది. ఆమె గొంతు మాత్రం ఒక్కసారీ పైకి లేవలేదు. లోపల జేజి కూచుని ఉంది, ఆమె చెవిన పడకూడదు. అందుకే ఆ కోపాన్నంతా పెద్దమ్మ పంటి బిగువున పట్టుకుని నిలబడిందని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. కాసేపటికి మేనేజరే స్టూలు తెచ్చుకుని, ఎక్కి, బోర్డు దించాడు.

అప్పుడామె మెట్ల మీద కూచుని నన్ను దగ్గరికి తీసుకుంది. కొట్టిన చెయ్యి చూసింది. "మీ జేజికి చెప్పొద్దు" అంది. అబద్ధం చెప్పకూడదని బడిలో చెప్పారు కదా అని అడిగాను. "మీ జేజి ఏమన్నా తప్పు చేసిందా?" అంది. లేదన్నాను. "మరి తప్పు చెయ్యని మనిషికి శిచ్చ ఎందుకు పాపా? తెలిస్తే ఆ యమ్మ ఇంగ అన్నం ముట్టదు." మరి నువ్వు తిన్నావు కదా, అది ఎవరు కోసిందో నీకూ తెలీదు కదా అన్నాను. అతన్ని ఆ ప్రశ్న ఎందుకడిగిందో ఎదుటి సందు సాయిబుల పిల్లలతో ఆడుకునే నాకు కొంచెం తెలుసు, హలాల్ చెయ్యని మాంసం వాళ్లు ముట్టరు. "నా సంగతి నేనూ అల్లా చూసుకుంటాంలే" అని లేచింది. జేజి దగ్గరికి పోయి, పద అమ్మా, రిక్షా వచ్చింది అంది.

కథ అక్కడితో అయిపోయి ఉంటే నాకు ఈ మంట ఉండేది కాదు. మరుసటి రోజే జేజి సందంతా చెప్పింది. ఎంత ఆబో, ముసలిదాని ముందు బుట్ట లాక్కుని నాలుగూ మింగిందని, పిల్ల చెయ్యి పెడితే కొట్టిందని. ద్వేషంతో కాదు, నవ్వుతూనే చెప్పింది. కానీ నవ్వుతూ చెప్పిన మాటే ఎక్కువ రోజులు బతుకుతుంది. ఎక్కడ నలుగురు ఆడవాళ్లు చేరినా జేజి ఆ కథ ఎత్తేది. చేత్తో బుట్ట లాక్కున్నట్టు చేసి చూపించేది. అందరూ పొట్టలు పట్టుకునేవాళ్లు. పెద్దమ్మ కూడా వాళ్లతో నవ్వి, ఏంజేద్దునమ్మా ఆకలి అట్లాంటిది అనేది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన పిల్లలు సైతం కుడుములు తింటావా పెద్దమ్మా అని ఆటపట్టించేవాళ్లు.

మా పెద్దత్త కూతురి పెళ్లిలో భోజనాల పంక్తిలో జేజి మళ్లీ అదే మొదలుపెట్టింది. పెద్దమ్మ కూతురు, నేను అక్కా అని పిలిచే ఆమె, అప్పటికి పెళ్లయి అత్తగారితో వచ్చింది. ఆ అత్తగారు కూడా నవ్వింది. అక్క విస్తరి ముందు నుంచి లేచి కళ్లు తుడుచుకుంటూ బయటికి పోయింది. నాకు పద్నాలుగేళ్లు. నోరు తెరిచాను. జేజీ, నీకేం తెలుసని, అనేదాకా వచ్చాను. పక్కన కూచున్న పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుని నొక్కింది. నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు జేజి మీద ఎంత కోపమొచ్చిందో, అంతకంటే ఎక్కువ పెద్దమ్మ మీద వచ్చింది. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఎందుకని అడగలేదు.

జేజి ఎనభై దాటి పోయింది, ఏమీ తెలీకుండానే, నిండు నమ్మకంతో పోయింది. తర్వాత చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. చదువు, పెళ్లి, పిల్లలు అని సాకులున్నాయి. నిజమేమిటంటే, మా జేజి నోట్లో మాంసం పడిందని నా నోటితో చెప్పడానికి నాకే సిగ్గయింది. పెద్దమ్మ తను చేసిన దయకు ధరగా తన పరువే పెట్టింది. నేను పక్కన నిలబడి చూశాను.

పోయిన ఏడాది పెద్దమ్మ చనిపోయింది. నలభయ్యో దినం ఫాతెహా ప్రార్థనకు సందులో పాతవాళ్లంతా వచ్చారు, మా అన్న కూడా వచ్చాడు. ఆడవాళ్ల గదిలో ఎవరో ప్రేమగానే, ఆ యమ్మకు కుడుములంటే ఎంత ఆబో అని అందుకున్నారు. నవ్వులు మొదలయ్యాయి. అక్క తల వంచుకుంది. పెద్దమ్మ నన్ను అడిగింది జేజికి చెప్పొద్దని మాత్రమే. జేజి పోయి చాలా ఏళ్లయింది. నేను లేచి మొత్తం చెప్పాను.

సంగతి వాకిట్లోకి పాకింది. మా అన్న నన్ను పక్కకు పిలిచి, పోయిన జేజిని మైలపరుస్తావా, ఇంటి పరువు అక్కర్లేదా అని ఎర్రబడ్డాడు. జేజి మోసపోయింది అన్నా, ఆ తప్పు హోటలువాడిది, నలభై ఏళ్ల పైచిలుకు ఈమెను చూసి నవ్విన తప్పు మనది అన్నాను. అన్న ఈ రోజుకీ నాతో సరిగా మాట్లాడడు.

అక్క నాకు కృతజ్ఞతలు చెబుతుందని ఎక్కడో ఆశపడ్డాను. ఆమె వంటింటి గడపలో నిలబడి, "ఇన్నాళ్లూ నీకు తెలుసునా? మా అమ్మ బతికుండంగా ఒక్కసారన్నా ఎందుకు చెప్పకపోతివి?" అంది. ఆమె కోపం న్యాయమైంది. దాన్ని నేను నిలబడి విన్నాను, పూర్తిగా విన్నాను.

మంచితనం ఊరికే రాదని, దాని ధర ఎవరో ఒకరు చెల్లిస్తూనే ఉంటారని పెద్దమ్మను చూసి నేర్చుకున్నాను. తెలిసినవాళ్లు నోరు మూసుకుంటే ఆ ధర ఇంకా పెరుగుతుందని నన్ను చూసుకుని నేర్చుకున్నాను. అందుకే ఇప్పుడు నలుగురు చేరి ఎవరి పిసినారితనాన్నో, ఎవరి ఆబనో తలుచుకుని నవ్వుతుంటే నేను నవ్వలేను. ఆ మనిషి ఎవరి కోసం ఏం మింగిందో మీకు తెలుసా అని అడుగుతాను. పెళ్లి పందిరైనా సరే, వియ్యాలవాళ్లైనా సరే, అడుగుతాను. ఈ వయసులో ఈమెకు ఇంత కోపమేమిటని మా కోడలు విసుక్కుంటుంది. అది తగ్గకుండా చూసుకుంటున్నాను.