వెర్నా ఏడుపు సీను

హాలీవుడ్‌లో దేవుడిచ్చిన మొహంతో ఎవర్నైనా బతకనిస్తారా? వచ్చిన పిల్లనల్లా పట్టుకుని ముక్కు చెక్కుతారు, జుట్టుకి రంగేస్తారు, తాతలనాటి ఇంటిపేరు పీకేసి కొత్తది తగిలిస్తారు. వెర్నా డూడెక్‌ని మాత్రం ముట్టుకోలేదు. దయ అనుకునేరు! ఆరడుగుల మనిషి, ఎత్తు పళ్ళు. తలుపు తీసి "ఎవరు కావాలండీ?" అంటే చాలు, హాలంతా నవ్వులే. పళ్ళు సరిచేయించుకోకూడదని ఒప్పందంలోనే రాయించుకున్నారు మహానుభావులు.

నెబ్రాస్కాలో పందులు పెంచే ఇంటి పిల్ల, మహానటి కావాలని వచ్చింది. పనిమనిషి అయింది, పెళ్ళికాని మేనత్త అయింది, గయ్యాళి ఇంటి ఓనరమ్మ అయింది. పార్టీలకి తమ్ముడి ప్యాంటు తొడుక్కుని వెళ్ళేది. పత్రికలవాడు "మీ ప్రేమకథ చెప్పండి" అంటే, "మీకు ఖాళీ ఉంటే ఇప్పుడే మొదలుపెడదాం" అనేది.

కోరిక మాత్రం ఒక్కటే. తను ఏడిస్తే జనం ఒక్కసారైనా ఏడవాలి.

ఒక సినిమాలో, యుద్ధంలో కొడుకుని పోగొట్టుకున్న తల్లి వేషం కట్టాల్సిన ఆవిడ జబ్బుపడింది. వెర్నా తిన్నగా స్టూడియో యజమాని లోమాక్స్ దగ్గరికి వెళ్ళింది.

"నువ్వేడిస్తే జనం పొట్ట పట్టుకుని నవ్వుతారమ్మా!"

"నవ్వనివ్వండి సార్. వాళ్ళు ఆపేదాకా ఏడుస్తాను."

వేరే గతిలేక ఇచ్చాడు.

విడుదలకి ముందు ఏదో ఒక ఊళ్ళో చెప్పాపెట్టకుండా బొమ్మ వేసి, జనం ఏమంటారో చూస్తారు కదా. గ్లెన్‌డేల్‌లో వేశారు. తెర మీద తల్లి టెలిగ్రాం చదివి గడపలో కూలబడింది. హాలు పగలబడి నవ్వింది.

వెనక వరసలోంచి వెర్నా లేచింది. "చచ్చిపోయింది నా కొడుకయ్యా! నవ్వడానికి సిగ్గులేదూ?"

జనం తిరిగి చూశారు, గుర్తుపట్టారు. ఇంకేముంది, ఈలలు, చప్పట్లు!

లోమాక్స్ బయటికి పరిగెత్తుకొచ్చాడు. "అద్భుతం! ఇలా నవ్విస్తే బొమ్మ ఆడినట్టే. రేపు శాన్‌డియెగోలో కూడా సరిగ్గా అక్కడే లేచి అరవాలి."

"నేను నాటకమాడలేదు సార్."

"అందుకేగా అంత సహజంగా ఉంది!"

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఒప్పందం ఉంది కాబట్టి వెళ్ళింది. గడప సీను వచ్చింది, నవ్వులు మొదలయ్యాయి. వెర్నా లేచింది. అరవాల్సింది పోయి ఏడ్చేసింది. నవ్వుతూ వెనక్కి తిరిగినవాళ్ళకి తడిసిన మొహం కనిపించింది. తెర మీదా అదే మొహం. ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు. నడవా పక్కన కూర్చున్న ఒక ముసలాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ అలాగే నిలబడింది.

"అంతా తగలేశావు!" కారు దగ్గర లోమాక్స్ మండిపడ్డాడు. "ఆఖరికి ఒక్కడూ నవ్వలేదు. ఆ సీను కోసి పారేస్తున్నా."

"ఒక్కరు కూడానా సార్?"

"ఒక్కడంటే ఒక్కడు!"

వెర్నా కళ్ళు తుడుచుకుంది.

"ఇంకొక్కసారి అనండి సార్."