అడిగితే చెప్పిన అవ్వ

అవ్వ చనిపోయిందన్న కబురు ఆమె కొడుకే ఫోన్ చేసి చెప్పాడు. "సార్, అవ్వ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగి కూసున్నది, గంతే. మీకు చెప్పాలనిపించింది" అన్నాడు. అతని మీద విచారణ నివేదిక రాసింది నేనే. ఆ నివేదికకు ఆధారం అవ్వ మాట. అలాంటి నాకు ఎందుకు చెప్పాడో, గోదావరిఖని బస్సెక్కి కూర్చున్నాక కూడా అర్థం కాలేదు.

అవ్వ నాకు చుట్టం కాదు. నేను ప్రభుత్వోద్యోగుల ఆస్తి వివరాలు చూసే విభాగంలో పనిచేస్తాను. తన పేరునా, ఇంట్లోవాళ్ల పేరునా ఏమేం ఉన్నాయో ప్రతి అధికారీ ఏటా రాసివ్వాలి. చాలా ఏళ్లు మేం వాటిని తీసుకోవడం, కట్టలు కట్టి బీరువాలో పెట్టడం, అంతే. విప్పి చూసినవాళ్లు లేరు. తర్వాత వచ్చిన పైఅధికారి, "చదవనప్పుడు రాయించుకోవడం దేనికయ్యా?" అన్నారు. చీటీలు తీసి కొందరిని ఎంచి, ఆ ఆస్తులను వెళ్లి చూడమన్నారు, ఎవరి పేరున ఉంటే వాళ్లతో మాట్లాడమన్నారు. మొదటిసారి తీసిన చీటీల్లోనే అవ్వ కొడుకు పేరు వచ్చింది. అతను ప్రభుత్వ ఇంజినీరు. బసంత్‌నగర్ దారిలోని రెండంతస్తుల ఇల్లు తల్లిదని, నగలమ్మి ఆమే కట్టించుకుందని రాశాడు.

నేను గోదావరిఖనిలో వాళ్లుండే ఇంటికి వెళ్లేసరికి కొడుకూ కోడలూ డ్యూటీలకు పోయారు. అవ్వ చీర కొంగుతో కుర్చీ తుడిచి, "బొగ్గు మసి బిడ్డా, ఎంత తుడిచినా మల్ల పడ్తది. కూసో" అంది. ఎవరినో, ఎందుకొచ్చానో చెప్పాను. అంతా విని లోపలికి పోయి గిన్నెలో గుడాలు, ఉడికించి తాలింపేసిన శనగలు, తెచ్చింది. విచారణకు పోయినచోట ఏమీ తినకూడదు. వద్దంటే చిన్నబుచ్చుకుంది.

"అవ్వా, బసంత్‌నగర్ దారిల ఇల్లు నీదేనా?"

"నాకెక్కడి ఇల్లు బిడ్డా! మా ముసలాయన బొగ్గుబాయిల పని చేసినన్నొద్దులు కంపెనీ క్వార్టర్లనే ఉంటిమి. ఆ ఇల్లు నా కొడుకు కట్టిండు. వేలుముద్ర పెట్టుమన్నడు, పెట్టిన."

"నీ నగలమ్మి కట్టినవట గదా?"

అవ్వ పకపకా నవ్వింది. "పుస్తెలు తప్ప ఇంకేం నగలున్నయి నాకు!"

నా చేతిలో కలం ఆగిపోయింది. ఆమెకు చెప్పకుండా రాయడం న్యాయం కాదనిపించింది. "అవ్వా, గిది రాస్తే నీ కొడుక్కు కష్టమైతది" అన్నాను. ఆమె నవ్వు పోయింది. గుడాల గిన్నె మీద మూత పెట్టింది.

"వాడు నన్నడగకుంటనే నా పేరు రాసిండు. నువ్వు అడిగినవు. అడిగితే చెప్పాలె గదా" అంది. ఆ మాట ధైర్యమో, అమాయకత్వమో, కొడుకు మీద కోపమో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

తర్వాత ఇల్లు జప్తయింది. కొడుకు కొన్నాళ్లు సస్పెన్షన్‌లో ఉన్నాడు. ప్రమోషన్ పోయింది. అవ్వను ఇంట్లోంచి పంపేస్తారేమోనని నాకు ఒకటే బెంగ. విచారణ ముగిశాక, వేరే పని మీద అటు పోయినప్పుడు ఆగాను. కొడుకు నన్ను చూసి లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు గుడాలు తిన్నాను.

"ఇంట్ల ఎట్లున్నదవ్వా?"

"ఎట్లుంటది? నాతోని మాట్లాడడు. అన్నం మాత్రం నేను వండిందే తింటడు." గొంతు తగ్గించింది. "నేను చేసింది మంచో చెడో నాకు సమజైతలేదు. సదువుకున్నోనివి, నువ్వు జెప్పు."

గిన్నె ఖాళీ చేసి ఆమె చేతికిచ్చి లేచాను. మా ఆఫీసులో మాత్రం, వెళ్లి అడిగితే నిజం బయటపడుతుందనడానికి ఆ కేసును కొత్తవాళ్లకు పాఠంగా చెప్పేవారు. అందులో నిజం లేకపోలేదు. మరుసటేడు కొందరు అధికారులు తల్లుల పేర్లు తీసేసి, ఆస్తులు తమవేనని రాశారు. ఇంకొందరి ఇళ్లలో ముసలమ్మలు మేం అడగకముందే, నేర్పిన జవాబును గడగడా అప్పజెప్పారు. అవ్వ వల్ల మా పని బాగుపడి ఉండొచ్చు, తప్పించుకునేవాళ్లు తెలివిమీరి ఉండొచ్చు. ఒకటి మాత్రం చెప్పగలను. అవ్వకు ఎవరూ ఏ జవాబూ నేర్పలేదు.

బస్సు దిగి గోదావరి ఒడ్డుకు చేరేసరికి చితి అంటించారు. కొడుకు నన్ను చూసి పక్కకు వచ్చాడు. నాకెందుకు చెప్పావని అడిగాను.

"నాకే తెల్వది సార్. మీరొచ్చి పోయినంక చానొద్దులు అవ్వతోని మాట్లాడలె. ఈ యేడు ఆస్తుల కాగితం రాసేటప్పుడు పక్కన కూసోవెట్టుకొని అంతా సదివి వినిపిచ్చిన. 'ఇగ ఎవలొచ్చినా ఫికర్ లేదు కొడుకా' అన్నది." చితి వైపు తిరిగాడు. "అవ్వ నన్ను పట్టిచ్చిందా, కాపాడిందా సార్? ఆమెనే అడుగుదామనుకున్న. అడుగలె."

ఇంతలో చుట్టాలు స్నానానికి పిలిచారు. అతను నీళ్లలోకి దిగాడు. "మునుగు, మునుగు" అంటున్నారు ఒడ్డు మీది నుంచి. అతను మోకాలి లోతులో నిలబడి, ఒకసారి మంట వైపు, ఒకసారి నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.