పేర్లు పడకముందే

మా ఇంటి నుంచి కూరగాయల మార్కెట్ ఎంత దూరమని మొన్న మనవరాలు అడిగింది. "రెండు పాటలు" అన్నాను. ఫోన్‌లోంచి తలెత్తి నా మొహం చూసింది. తప్పు చెప్పానేమోనని మళ్లీ లెక్కేసుకున్నాను. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక రెండున్నర. నిజంగా తప్పే చెప్పాను.

దూరాన్ని పాటలతో కొలవడం నాకు నస్పూర్‌లో అబ్బింది. ఇప్పుడు నాకు డెబ్బయ్యొకటి, అప్పుడు పన్నెండు. ఏడో తరగతి. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో పని చేసేవాడు. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. అవ్వ, అంటే మా అమ్మ, ఒక బర్రెను సాకుతూ నాలుగిళ్లకు పాలు పోసేది. ఆ యేడు దసరా వెళ్లిన తొమ్మిదో రోజున ఊరి చివర ఖాళీ జాగాలో డేరా టాకీసు వెలిసింది. చుట్టూ తడకలు, పైన గుడ్డ, కింద ఇసుక. ఎడమ పక్క ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు. నడుమ అడ్డంగా కట్టిన పాత దుప్పటికి పదకొండు చిల్లులుండేవి.

పొద్దుగూకగానే డేరా ముందు గడకు కట్టిన మైకులోంచి పాటలు మొదలయ్యేవి. సరిగ్గా ఏడు పాటలు. ఆరు సినిమా పాటలు, ఏడోది దేవుడి పాట. అది ముగియగానే లోపల దీపాలు ఆర్పి ఆట మొదలుపెట్టేవారు. మా ఇంట్లో గడియారం లేదు. బాపుకు బాయి సైరనుండేది, మాకు ఈ పాటలుండేవి. రికార్డు మార్చి ముల్లు ఆనించే సమయంతో కలిపి ఒక్కో పాటకు ఎంత లేదన్నా నాలుగు నిమిషాలు. అన్నం ఉడకడానికి అయిదు పాటలు. జడ వేసుకోవడానికి ఒకటి. ఇంటి నుంచి డేరాకు మూడు. మా గచ్చకాయలాట కూడా ఆ పాటల మీదే నడిచేది. ఒక పాట అయ్యేలోపు ఎవరెక్కువ కాయలు పట్టుకుంటే వాళ్లు గెలిచినట్టు. పక్కింటి పిల్ల ఎప్పుడూ నా మీద గెలిచేది. కింద పడ్డ కాయల్ని కూడా కలుపుకునేదని నేను ఇప్పటికీ అంటాను.

అవ్వకు సినిమా అంటే ప్రాణం. కానీ ఆమె ఏ సినిమానూ మొదటి నుంచి చూడలేదు. కారణం బర్రె. మంద మేసి తిరిగొచ్చేది మొదటి పాటప్పుడు. పాలు పిండి, నాలుగిళ్లకు పోసి, మొహం కడుక్కుని, చీర మార్చుకుని డేరాకు చేరేసరికి తెర మీద ఎవరో ఒకరు ఏడుస్తూ ఉండేవారు. ఎందుకు ఏడుస్తున్నారో అవ్వే ఊహించుకునేది. మర్నాడు నీళ్ల దగ్గర ఆడవాళ్లకు కథ చెప్పేటప్పుడు మొదటి భాగం పూర్తిగా ఆమె సొంతం. అందులో తప్పకుండా ఒక గయ్యాళి అత్త, ఒక తప్పిపోయిన దూడ ఉండేవి.

ఒకరోజు పక్కింటామె అందరి ముందూ అనేసింది. "దూడ యాడిది వదినె? నేను పేర్లు పడ్డప్పటి సంది సూసిన. దూడా లేదు, దుడ్డె లేదు. పేర్లు సూడనోళ్లు సినిమా సూసినట్టా? పెండ్లికి పోయి ఎంగిలాకులు సూసొచ్చినట్టు."

ఆడవాళ్లంతా నవ్వారు. అవ్వ కూడా నవ్వి బిందె ఎత్తుకుంది. ఇంటికొచ్చాక మాత్రం బర్రెకు కుడితి పెడుతూ అడిగింది. "పేర్లల్ల ఏముంటయే బిడ్డా?"

"పేర్లే ఉంటయవ్వా."

"నాకు సదువు రాదు. అయినా ఒక్కపారి సూడాలె."

ఆ సాయంత్రమే నేను లెక్కల పుస్తకం చివరి పేజీ తీశాను. పాలు పిండడానికి రెండు పాటలు. నాలుగిళ్లకు పోయడానికి రెండు. అవ్వ తయారై తాళం వేయడానికి రెండు. నడకకు మూడు. మొత్తం తొమ్మిది. మైకులో వచ్చేవి ఏడే. రెండు పాటలు తక్కువ. రెండుసార్లు కూడి చూశాను, తగ్గలేదు. అప్పుడు తట్టింది. నాలుగిళ్లకు పాలు నేను పోసొస్తే, అదే సమయంలో అవ్వ తయారవుతుంది. రెండు పాటలు మిగులుతాయి. ఏడుకు ఏడు సరి!

కానీ ఏడు ఏడేనా, ఏ రోజైనా తగ్గుతుందా? మర్నాడు బడి నుంచి వస్తూ డేరా గేటు దగ్గర ఆగాను. రికార్డులు వేసే ఆయన ఒక గుడ్డపేలికతో వాటిని తుడుస్తున్నాడు. నెరిసిన గడ్డం, తలకు తెల్ల టోపీ. పిల్లలమంతా చాచా అనేవాళ్లం.

"చాచా, రోజూ ఏడేనా పాటలు?"

"ఏడే బేటీ. ఆరు పబ్లిక్‌కు, ఒకటి భగవాన్‌కు."

"ఒక్కనాడన్న తక్కువైతదా?"

"నీకెందుకు ఫికర్? పరీచ్చల అడుగుతరా?"

అవ్వ సంగతి, బర్రె సంగతి, రేపటి ఏర్పాటు మొత్తం చెప్పాను. ఆయన వేళ్ల మీద నా లెక్క సరిచూశాడు. "హిసాబ్ మంచిగనే ఉన్నది. మరి బర్రెకు జెప్పినవా?" అని నవ్వాడు.

"ఎనిమిదోది ఎయ్యరాదా చాచా, ఎందుకన్నా మంచిది."

"అమ్మో, మాలిక్ నా తోలు దీస్తడు."

మరుసటి రోజు గురువారం. బాపు రెండో షిఫ్టులో ఉన్నాడు, వంట పొద్దున్నే అయిపోయింది. మైకులో మొదటి పాట మొదలైంది. నేను చెంబుతో కొట్టం ముందు నిలబడ్డాను. మంద వచ్చింది. అందులో మా బర్రె లేదు. రెండో పాట సగమయ్యాక, ఒళ్లంతా బురదతో, తీరిగ్గా నడిచి వచ్చింది. ఏదో మడుగులో పడుకుంది. అవ్వ దాన్ని తిట్టిన తిట్లు నేను రాయను.

పాటన్నర పోయింది. నేను నాలుగిళ్లకూ ఉరికి పాలు పోసి వచ్చాను. మూడో ఇంటి ముందు కొంచెం ఒలికిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అవ్వ పెండ్లిళ్లకు దాచుకున్న ఆకుపచ్చ చీర కట్టుకుంది, చేతిలో వెలిగించిన కందిలి పట్టుకుంది. ఇద్దరం దాదాపు పరుగే. దారిలో వాగు మీద కట్టిన ఒక మోరీ ఉండేది, దాని మీది నుంచి డేరా కనిపిస్తుంది. అక్కడి నుంచి నడక ఇంకా ఒక పాట. సరిగ్గా మోరీ మీదికి వచ్చేసరికి దేవుడి పాట అయిపోయింది.

మైకు ఆగింది. అవ్వ కూడా ఆగింది. కందిలి కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంది.

"పోనీ బిడ్డా. ఏడ్సేకాడికన్న అందుతం."

నాకు ఏడుపొచ్చింది. లెక్క తప్పలేదు, నేను తప్పలేదు, బర్రె తప్పింది.

అప్పుడు మైకు గరగరలాడింది. దేవుడి పాట మళ్లీ మొదలైంది, మొట్టమొదటి నుంచి. అవ్వ కందిలి ఎత్తుకుంది. చెప్పులు విప్పి చేత పట్టుకుంది. అంత వేగంగా ఆమె నడవడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ఆట ఆలస్యమైతే డేరాలో ఈల వేసేవాళ్లకు కొదవ లేదు, కానీ దేవుడి పాటకు ఈలెవరు వేస్తారు? మేం లోపలికి వెళ్లేసరికి కొందరు రెండోసారి దండం పెట్టుకుంటున్నారు.

దీపాలు ఆరాయి. తెర మీద పేర్లు పడ్డాయి. నేను ఒక్కొక్కటి అవ్వ చెవిలో చదివాను. నటులవి, పాటలు రాసినవాళ్లవి, బట్టలు కుట్టినవాళ్లవి.

"దర్జీ పేరు గూడ ఏసిన్రా?"

"ఏసిన్రవ్వా."

"పెట్టెలు మోసినోళ్లవి?"

"జర సప్పుడు జెయ్యకుండ్రి" అంది ముందు కూర్చున్నామె.

అవ్వ గొంతు తగ్గించింది, ఆపలేదు. మొత్తం నలభై రెండు పేర్లు. అయిపోయాక నా మోచేయి పట్టుకుని అడిగింది. "మన చాచా పేరు రాకపాయె?"

ఆయన పేరు ఇందులో ఉండదని చెప్పాను. "గదేంది? పాటలేసింది ఆయననే గద" అంది. ఆ తర్వాత సినిమా మొదలైంది. ఒకాయన గుర్రపుబండి దిగి ఇంట్లోకి నడిచాడు. చాలాసేపు అంతే. "గీ మాత్రానికా ఉరికొచ్చింది? నేను జెప్పేదే మంచిగుంటది" అంది అవ్వ.

మర్నాడు నీళ్ల దగ్గర పక్కింటామె అడిగింది. "ఏమున్నయి వదినె పేర్లల్ల?"

"మస్తున్నయి. నీ పేరైతె లేదు."

ఆ సాయంత్రం గిన్నెలో గడ్డపెరుగు ఇచ్చి నన్ను డేరాకు పంపింది. చాచా గిన్నె అందుకుని తల అడ్డంగా ఊపాడు. "నేనేం జెయ్యలే బేటీ. ముల్లు ఇరుక్కున్నది, పాతదైంది గద."

నేను తల ఊపి వచ్చేశాను. సగం దారిలో ఆగాను. ముల్లు ఇరుక్కుంటే ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. పాట మొదటికి రావాలంటే ఎవరో ఒకరు ముల్లు ఎత్తి పెట్టాలి. గేటు దగ్గర కూర్చుంటే మోరీ మీద కందిలి కనబడుతుంది.

లెక్కల పుస్తకం చివరి పేజీలో ఏడు కొట్టేసి ఎనిమిది వేశాను. వానలకు ముందే డేరా ఎత్తేశారు. చాచా అసలు పేరేమిటో అవ్వా అడగలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు మనవరాలి ఫోన్‌లో సినిమా పెడితే, పేర్లు రాగానే దాని వేలు వాటిని దాటించడానికి వెళుతుంది. నేను చెయ్యి పట్టుకుంటాను. మొన్న విసుక్కుంది. "ఎవరి పేరు కోసం చూస్తున్నవ్ అమ్మమ్మా?"

"పాటలేసినాయనది."

"సంగీతం పేరు ఎప్పుడో వచ్చిపోయింది."

ఎదుటివాళ్లు తప్పు చెబితే సరిచేయడం నా అలవాటు. ఆ పూట మాత్రం సరిచేయలేదు. "కానియ్యి, ఇంకా ఉన్నయి" అన్నాను. ఇద్దరం చివరి పేరు దాకా చూశాం.