టైపు కొట్టిన ఉత్తరం

ఈరోజు మధ్యాహ్నం, కరెంటు వస్తూ పోతూ నన్ను విసిగిస్తున్న వేళ, రాజాంలో నా డీటీపీ షాపుకి ఒక పెద్దాయన వచ్చారు. పాతపట్నంలో ఉన్న అక్కకి తాను రాసిన ఉత్తరాన్ని టైపు చేసిమ్మన్నారు. కాగితం నిండా వణికిన అక్షరాలే.

"ఫోన్ చేసేయొచ్చు కదా తాతా?" అన్నాను.

"మా అప్పకి సెవులు ఇనబడవు బాబూ. రాతే సదువుతాది. ఈ వణుకు సూసిందంటే నాకేదో అయిపోనాదని రేపే బస్సెక్కి వచ్చెస్తాది. అందుకే మిషన్ మీద కొట్టియ్యి."

టైపు కొట్టి ప్రింటు చేతికిచ్చాను. ఆయన దాన్ని చాలాసేపు చూశారు.

"బాగున్నాది. బేంకోళ్లు పంపినట్టున్నాది," అన్నారు.

ఆ ప్రింటుని నా టేబుల్ మీదే వదిలేసి, తాను రాసిన కాగితాన్నే మడిచి కవర్లో పెట్టుకున్నారు.

"మరి మీ అప్ప వచ్చేస్తే?"

"రానీ బాబూ."

రోజంతా ఊళ్లోవాళ్ల కాగితాలన్నీ కొట్టి వేళ్లు లాగేస్తున్నాయి. షాపు మూసేముందు ఒక తెల్లకాగితం మీద నా పేరు రాసి చూసుకుంటే, అక్షరాలు వంకర్లు పోయాయి. ఈ రాత చూసి నాకు ఒంట్లో బాగోలేదని పసిగట్టి బస్సెక్కే మనిషి ఎవరా అని ఆలోచిస్తే, ఎవరూ తట్టలేదు.

మీకెవరైనా ఉన్నారా?