పొగడకి పూసిన ఎర్రపూలు

జూబ్లీహిల్స్‌లో ఎవరింటికి వెళ్లినా కాఫీ ఇవ్వడం మానేశారు. ఆకుపచ్చగా ఏదో చేతికిచ్చి, ఆరోగ్యం అంటారు. సాఫ్ట్‌వేర్ డబ్బులొచ్చిన కొత్తలో మా పక్కింటాయన అంటించిన జబ్బు ఇది. కప్పు మన చేతిలో పెట్టి తన తోట చూపించేవాడు. పాత ఇల్లు పడగొట్టి, బండలు పేల్చి, ఆ చదునులో నిలువెత్తు పామ్ చెట్లను క్రేనుతో దింపించాడు. సోమవారం లేనివి మంగళవారానికి ఉన్నాయి.

"మీదేంటండీ, ఇంకా అంతే ఉంది?" అని మా పొగడ గురించి పరామర్శించేవాడు, మా పిల్లవాడు మళ్లీ ఫెయిలయినట్టు.

మా పొగడ పెరట్లో, బండకీ ప్రహరీకీ మధ్య ఉండేది. ఈదురుగాలి అక్కడికి రాదు. విత్తు నాటి నేనే మొలిపించాను. పొగడ తొందరపడే చెట్టు కాదు. చాలాకాలం దాని నీడ పిల్లికి మాత్రమే సరిపోయేది. ఏడాది పొడుగునా పచ్చగా ఉండేది, అంతే. ఆ వేసవిలో మొదటిసారి ఆకుల చాటున మొగ్గలు కనిపించాయి. నా భార్యను పిలిచి చూపించాను.

"పూసినంక పిలువుండ్రి," అని లోపలికి పోయింది.

ఆ వారమే ఫిల్మ్‌నగర్ నుంచి ఒక యూనిట్ వచ్చింది. పాటకి తోట కావాలట. పక్కింటి చెట్లు చూసి, దుబాయిలా ఉందన్నారు. మా పొగడని చూసి, బాగుందన్నారు. దాన్ని మెచ్చుకున్న మొదటి మనుషులు. ఒప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆర్ట్ అసిస్టెంట్ చెట్టు చుట్టూ తిరిగి, "పూలు లేవేంటండీ?" అన్నాడు.

"మొగ్గలున్నాయి. ఇంకొన్నాళ్లలో పూస్తుంది."

"మాకు తొమ్మిదింటికి షాటండీ."

ఇంకేం వాదిస్తాం? ఆఫీసుకి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి వాళ్లు పాట ముగించుకుని వెళ్లిపోయారు. ఆకుల మీద దుమ్ముందని ఆకుపచ్చ రంగు కొట్టారు. ఆకుపచ్చ చెట్టుకి. ఆపైన కొమ్మకొమ్మకీ అరచేతంత ఎర్ర ప్లాస్టిక్ పూలు తీగెతో బిగించారు. పొగడపువ్వు చిన్నది, తెల్లటిది. కెమెరా దానికోసం ఆగదు కాబోలు. మొగ్గల్ని తడిమి చూశాను. రంగు కింద బిగుసుకుపోయి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి.

గోడ మీంచి పక్కింటాయన తల కనిపించింది. "చివరికి పూసిందండీ! ఏం కలరండీ బాబూ! ఎరువేం వేశారు?"

నేను రాలిన మొగ్గలు ఏరుతున్నాను. నా భార్య వచ్చి పూలవైపు చూసింది, తర్వాత నావైపు.

"ఇన్నేండ్ల సంది మీరు జెయ్యంది గాళ్లు ఒక్క పూటల జేసిండ్రు. విప్పకుండ్రి, గట్లనే ఉండనియ్యుండ్రి."