ఆరబోసిన రోడ్డు

తెనాలిలో సైకిలు తొక్కే మనిషికి రెండే దారులు. ఒకటి లారీ కింద పడడం, రెండోది అందర్నీ తిట్టుకుంటూ బతకడం. నేను రెండోదాంట్లో ఉన్నాను. నలభై తొమ్మిదేళ్ళ లెక్కల టీచర్ని హెల్మెట్ పెట్టుకుని, గేర్ల సైకిలెక్కి బస్టాండు ముందు నుంచి పోతుంటే ఆటోవాడు వెనక నుంచి హారన్ కొడతాడు. మోటారు సైకిలు వాడు పక్కకొచ్చి మొహంలోకి తొంగి చూస్తాడు. ఎదురొచ్చే స్కూలు బస్సుకు నేను కనపడను. పోనీ గుంటూరు వైపు పోదామంటే చేబ్రోలు దాకా లారీలే. ఒకసారి ఇసుక లారీ దాటిపోయిన విసురుకే పక్కనున్న గుంటలో పడ్డాను. ఆ తర్వాత అటు వెళ్ళడం మానేశాను.

అసలు నాకీ పిచ్చి పట్టించింది ఒక కొండ. ఒక ఏడాది సంక్రాంతి సెలవుల్లో ఒక సైకిళ్ళ బృందంతో పాడేరు వైపు ఘాట్ రోడ్డుకు వెళ్ళాను. తెల్లవారాక ఎక్కడం మొదలుపెట్టాం. గంటకు రెండో మూడో బళ్ళు వచ్చేవి. జీపు దాటిపోయాక దాని చప్పుడు మలుపుల వెనక కాసేపు వినిపించేది. అదీ ఆగిపోతే ఇక నా ఊపిరి, గొలుసు చప్పుడు, అంతే. అంత నెమ్మదిగా ఉన్న తారు రోడ్డును నేను నా బతుకులో చూడలేదు. ఏడుపొచ్చింది. సగం కొండెక్కేసరికి పిక్కలు పట్టేసి, సైకిలు దిగి మిగతా దూరమంతా తోసుకుంటూ నడిచాను. పైన టీ కొట్టు దగ్గర బృందంలోని పెద్దాయనొకరు, రిటైరైన ఇంజనీరు, డెల్టా వాళ్ళకి కొండలెందుకు మేడమ్, కాలవ గట్లు చాలు కదా అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మనసులో మాత్రం ఆయన్ని సైకిలుతో సహా లోయలోకి తోసేశాను. వచ్చే ఏడాది ఇదే కొండను ఒక్కసారి కూడా కాలు కింద పెట్టకుండా ఎక్కాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. ఇంటికొచ్చి చెబితే మా వారు నా మోకాళ్ళ సంగతి ఎత్తారు. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

మా వైపు ఎత్తు అంటే రేపల్లె అవతల పెనుమూడి వంతెన ఒక్కటే. దాన్ని ఎనిమిదిసార్లు ఎక్కి దిగితే, అక్కడ చేపలు పట్టుకునే ఒకాయన వల పక్కన పడేసి దగ్గరికొచ్చాడు. ఇంట్లో ఏమైనా గొడవైందా అమ్మా అని మెల్లగా అడిగాడు. మళ్ళీ అటు వెళ్ళలేదు. కొండ లేకపోయినా మాకు గాలి ఉంది. నిజాంపట్నం వైపు నుంచి సాయంత్రం వచ్చే సముద్రపు గాలికి ఎదురు తొక్కితే కాళ్ళు కొండెక్కినట్టే మండుతాయి. వెతగ్గా వెతగ్గా రేపల్లె వైపు పోయే కాలవ గట్టు మీద సన్నటి తారు రోడ్డు ఒకటి దొరికింది. బస్సు లేదు, లారీ లేదు, అరగంటకో పాల బండి. స్కూలు అవగానే నాలుగున్నరకల్లా అక్కడుండేదాన్ని. ఆ రోడ్డు నాదే అనుకున్నాను. నాది కాదని నవంబరు చివర్లో తెలిసింది.

కోత మిషన్లు దిగాయి. మిషను కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది. తేమ ఉంటే కొనేవాడు ముట్టుకోడు. వెనకటిలా కళ్ళాలు లేవు కాబట్టి ఆరబోయడానికి గట్టి నేలంటే రోడ్డే. పెద్ద రోడ్ల మీదైతే సగం వదిలి సగం పోస్తారు. నా రోడ్డు మీద మనిషి తిరగడు కదా అని ఈ చివర నుంచి ఆ చివరకు పోసేశారు. నాకా రోడ్డు ఎందుకు నచ్చిందో, వాళ్ళకూ అందుకే నచ్చింది. మలుపు తిరిగేసరికి ముందు చక్రం వడ్లలో జారి, మోచెయ్యి తారుకు గీసుకుపోయి పడ్డాను. అరవై దాటిన రైతొకాయన పరుగెత్తుకొచ్చాడు. నా దగ్గరికి కాదు. నా సైకిలు చెదరగొట్టిన వడ్ల దగ్గరికి.

"కళ్ళు కనపడట్లేదా అమ్మాయ్? ఇంత మేర పోసుంటే," అన్నాడు, రెండు చేతులతో గింజలు దగ్గరికి లాక్కుంటూ.

నేను లేచి, ఇది రోడ్డు బాబాయ్, నీ కళ్ళం కాదు అన్నాను. ఆయన తలెత్తి నా హెల్మెట్ నుంచి బూట్ల దాకా చూశాడు.

"అసలు నీకిటు పనేంటి?"

మోచేతి కన్నా ఆ మాటే ఎక్కువ మండింది. ఎందుకంటే నాకటు ఏ పనీ లేదు. కొండెక్కడానికి సాధన చేస్తున్నానని చెప్పాను. ఆయన భార్య చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. కొండెక్కేదానివి కొండ దగ్గరికి పోవాలిగానీ మా వడ్ల మీదకొచ్చావేంటి అన్నాడు. నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాననీ, ఎండ ఉన్న నాలుగు రోజుల్లో ఇది ఆరకపోతే తన పని అయిపోయినట్టేననీ చెప్పాడు. నేను వినలేదు. మూడు రోజులు ఇదే తంతు. నేను వెళ్ళడం, ఆయన పోసి ఉండడం, అంచున రాళ్ళు, తాటి మొద్దులు, మా ఇద్దరి కేకలు. ఒకరోజు కోపంకొద్దీ వడ్ల మధ్యలోంచే సైకిలు నడిపించుకుపోయాను. ఆయన నా వెనకే వస్తూ నా చక్రం గీసిన చారను కాలితో పూడ్చుకున్నాడు. తిడుతూనే పూడ్చాడు. ఆయన తిట్లు నాకిప్పటికీ కంఠతా వచ్చు. అన్నీ "అమ్మాయ్" అని మొదలయ్యేవి.

నా దగ్గర చదువుకున్నవాడు ఒకడు పోలీసు ఉద్యోగంలో ఉన్నాడు. వాడికి ఫోన్ చేశాను. టీచరు గొంతుతోనే చెప్పాను. రోడ్డు మీద ధాన్యం పోయడం నేరమా కాదా అని అడిగాను. నేరమేనండి మేడమ్, నేను చూసుకుంటాను అన్నాడు.

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. మా నాన్నకు మూడెకరాలుండేది. చిన్నప్పుడు ఆరబోసిన వడ్లలో కాళ్ళీడ్చుకుంటూ చాళ్ళు తీసేదాన్ని. పచ్చి వడ్లు కుప్పేస్తే లోపల వేడెక్కుతాయని, చెయ్యి దూర్చి చూస్తే తెలిసిపోతుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా సైకిలు తొక్కేవాళ్ళం రోజూ ఫోనులో గాలి చూసుకుంటాం. ఎటు నుంచి వస్తుంది, ఎంత వేగం అని. ఆ రోజూ చూశాను. గాలి తిరుగుతోందనీ, బంగాళాఖాతంలో అల్పపీడనమనీ ఉంది. వాన మొదలయ్యేలోపు రెండు రోజులు గట్టిగా తొక్కాలి అనుకున్నాను. నాకు తోచింది అదొక్కటే.

మర్నాడు రోడ్డంతా ఖాళీ. ఒక్క గింజ లేదు. నాకు సంతోషమేసింది, దాచను. తల వంచి, గాలికి ఎదురుగా, ఎప్పుడూ లేనంత వేగంగా తొక్కాను. గట్టు దిగువన పొలం అంచున నల్ల పట్టా కప్పిన కుప్ప కనిపించింది. దాని పక్కన ఆయన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకుని పట్టా అంచు మీద రాయి సర్దుకున్నాడు. గెలిచానని అనుకున్నాను.

వాన మూడు రోజులు పడింది. వరండాలో సైకిలును స్టాండు మీద నిలబెట్టి, పాత సినిమాలు చూస్తూ తొక్కాను. మా వారు కాఫీ పట్టుకొచ్చి, పాపం కోతలప్పుడే రావాలా ఈ వాన అన్నారు. నేను కాళ్ళు ఆపలేదు.

నాలుగో రోజు ఎండ కాసింది. సాయంత్రం కాలవ గట్టు ఎక్కగానే పులిసిన వాసన కొట్టింది. మళ్ళీ పోశారు. దగ్గరికెళ్ళి చూస్తే గింజ గింజకూ తెల్లగా మొలక. ఆయన, ఆయన భార్య చెరో వైపునా నిలబడి చెక్కతో తిరగేస్తున్నారు. కానీ ఈసారి రోడ్డు మొత్తం పోయలేదు. కాలవ వైపు అంచున మూరెడు వెడల్పున, కనుచూపు మేర, చీపురుతో ఊడ్చి దారి వదిలిపెట్టారు. రాయి లేదు, మొద్దు లేదు, గింజ లేదు. మూరెడు దారిలో పట్టేది సైకిలొక్కటే.

నేను దిగి నిలబడ్డాను. బాబాయ్ అని పిలిచాను. ఆయన చెక్క పక్కన పెట్టి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మీకు దారి తీసి పెట్టామండి మేడమ్ గారూ. వెళ్ళండి."

ఎవరైనా కొంటారా ఇది అని అడిగాను. కోళ్ళ దాణాకు అడుగుతున్నారండి అన్నాడు. ఫోన్ చేసింది నేనేనని చెబుదామనుకున్నాను. ఆయనకు తెలుసు. తెలియకపోతే ఊడ్చేవాడు కాదు. ఆయన భార్య నా వైపు చూడకుండా గింజలు తిరగేస్తూనే ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన నన్ను "అమ్మాయ్" అని తిడితే బాగుండనిపించింది. ఆయన తిట్టలేదు. నేను వెళ్ళేదాకా తలపాగా కట్టుకోలేదు. సైకిలెక్కి ఆ మూరెడు దారిలో తొక్కుకుంటూ వెళ్ళాను.

ఆ ఒక్కరోజే కాదు. నేనేమంత మంచిదాన్ని కాదు. ఆ ధాన్యం ఎత్తేదాకా రోజూ వెళ్ళాను, రోజూ ఆ దారి ఊడ్చి ఉండేది. ఆయన దండం పెట్టేవాడు. నేను తలూపేదాన్ని. వాళ్ళు ఎత్తేశాక వేరేవాళ్ళు పోశారు. వాళ్ళూ మూరెడు వదిలారు. ఎవరు చెప్పారో నేను అడగలేదు.

జనవరిలో కొండెక్కాను. ఎక్కడా దిగలేదు. చివరి మలుపులో కళ్ళు బైర్లు కమ్మినా పెడలు మీద నుంచి కాలు తీయలేదు. పైన చలిలో నిలబడి ఊపిరి కూడదీసుకుంటుంటే, బృందంలో కొత్తగా చేరిన అమ్మాయొకతె నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. డెల్టాలో ఉంటూ ఇదెలా సాధించారండీ, మా ఊళ్ళో తొక్కడానికి చోటే దొరకదు, మీకెవరూ అడ్డం రారా అని అడిగింది.

"మా వైపు ఒక రోడ్డుందమ్మా. నేను వస్తున్నానంటే అందరూ తప్పుకుంటారు," అన్నాను.